అమెరికా డౌన్‌టౌన్‌లో ఆఫీసు మేడలు

అమెరికా నగరాల నడిబొడ్డున ఉండే వ్యాపార కేంద్రాన్ని డౌన్‌టౌన్ అంటారు. అక్కడ పక్కపక్కనే లేచిన ఎత్తైన ఆఫీసు భవనాల చరిత్ర 1870లలో న్యూయార్క్, షికాగో నగరాల్లో మొదలైంది. వీటి మీద వచ్చిన పుస్తకాలు ఎక్కువగా ఎత్తుల పోటీ గురించో, పేరున్న వాస్తుశిల్పుల గురించో చెబుతాయి. అయితే ఈ భవనాల్లో చాలావాటిని కట్టింది గదులు అద్దెకిచ్చి డబ్బు చేసుకోవడానికి. స్థలం ధర, అప్పు దొరికే వీలు, నగరపాలక నిబంధనలు, పన్ను చట్టాలు, కిటికీలోంచి వెలుతురు ఎంత లోపలికి వస్తుందన్న లెక్క: భవనం ఎంత ఎత్తు లేవాలో, ఎంత వెడల్పు ఉండాలో ముందు ఇవి తేల్చేవి. శిల్పి పని ఆ తర్వాత. న్యూయార్క్‌లో స్కైస్క్రేపర్ మ్యూజియం స్థాపించిన చరిత్రకారిణి కేరల్ విలిస్ 1995లో వెలువడిన తన పుస్తకంలో ఈ వాదాన్ని గట్టిగా నిలబెట్టింది. వూల్‌వర్త్ భవనాన్ని రూపొందించిన క్యాస్ గిల్బర్ట్ అంతకు చాలా ముందే, 1900లో, ఆకాశహర్మ్యమంటే నేల చేత డబ్బు సంపాదింపజేసే యంత్రమని అన్నాడు. శిల్పి నోట వచ్చిన మాట కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోనక్కర్లేదు.

లిఫ్టు, ఉక్కు, బంకమట్టి

లిఫ్టు రాకముందు ఆఫీసు భవనం నాలుగైదు అంతస్తులు దాటేది కాదు. అన్ని మెట్లెక్కి వచ్చే ఖాతాదారు ఉండడు కాబట్టి పై గదులకు అద్దె తక్కువ. తాడు తెగినా కింద పడిపోకుండా పట్టుకునే ఏర్పాటు గల లిఫ్టును ఎలీషా ఓటిస్ 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో జనం ముందు నిరూపించాడు. తానే దాని మీద నిలబడి పైనుంచి తాడు తెగకొట్టించాడు. 1857లో బ్రాడ్‌వే మీద ఉన్న హావౌట్ దుకాణంలో మనుషులు ఎక్కే లిఫ్టు పెట్టారు. ఆఫీసు భవనంలో అది రావడానికి 1870 దాకా, అంటే ఈక్విటబుల్ జీవిత బీమా సంస్థ తన భవనం కట్టేదాకా ఆగవలసివచ్చింది. దానితో అద్దెల వరస తలకిందులైంది. వీధి దుమ్ముకూ గుర్రబ్బండ్ల రొదకూ దూరంగా, మంచి వెలుతురుతో ఉండే పై అంతస్తులే ప్రియమయ్యాయి.

ఎత్తుకు రెండో అడ్డంకి గోడ. ఇటుక గోడే మొత్తం బరువు మోయాలంటే ఎత్తు పెరిగేకొద్దీ అడుగున గోడ లావెక్కాలి. బర్న్‌హామ్, రూట్ అనే జంట షికాగోలో 1891లో పూర్తిచేసిన 16 అంతస్తుల మొనాడ్‌నాక్ భవనంలో అడుగు గోడలు ఆరడుగుల మందం. మంచి అద్దె వచ్చే నేల అంతస్తులో అంత జాగా గోడకే పోతుంటే యజమాని ఎన్నాళ్లు ఊరుకుంటాడు? రెండేళ్ల తర్వాత అదే భవనానికి దక్షిణ భాగాన్ని వేరే సంస్థ ఉక్కు చట్రంతో కట్టింది. పాత పద్ధతి, కొత్త పద్ధతి ఒకే కప్పు కింద కనబడే ఆ భవనంలో ఇప్పటికీ ఆఫీసులు నడుస్తున్నాయి.

చట్రం మీద బరువు మోపిన తొలి ఎత్తైన భవనంగా విలియం లె బారన్ జెన్నీ కట్టిన హోమ్ ఇన్సూరెన్స్ భవనం పేరు చెబుతారు. 1885లో 10 అంతస్తులతో పూర్తయింది, 1891లో మరో రెండు వేశారు, 1931లో పడగొట్టారు. దాని బయటి గోడలూ కొంత బరువు మోశాయని, దానికి ఆద్య స్థానం ఇవ్వకూడదని వాదించే చరిత్రకారులున్నారు. పదిమంది చేతులమీదుగా ఒక దశాబ్దంలో రూపుదిద్దుకున్న పద్ధతికి ఒకే తండ్రిని వెతకడం వల్లనే ఈ తగువు.

ఇదంతా షికాగోలోనే ఎందుకు జరిగింది? 1871 అక్టోబరులో నగరం నడిబొడ్డు అగ్నికి ఆహుతైపోయింది. ఖాళీ స్థలం మిగిలింది. రైలు మార్గాలన్నీ అక్కడ కలుస్తాయి కాబట్టి గోధుమ, కలప, మాంసం వ్యాపారం ఆగకుండా పెరిగింది. ఒకవైపు సరస్సు, మరోవైపు నది, రైల్వే యార్డులు బిగించిన కొద్ది వీధుల్లోనే అందరికీ ఆఫీసు కావాలి. పెట్టుబడి మాత్రం బయటినుంచి వచ్చింది. బోస్టన్‌లో కూర్చున్న పీటర్ బ్రూక్స్, షెపర్డ్ బ్రూక్స్ అనే అన్నదమ్ములు ఉత్తరాల ద్వారా, ఏజెంటు ఓవెన్ ఆల్డిస్ ద్వారా షికాగోలో భవనాలు కట్టించారు. మొనాడ్‌నాక్‌కు నగిషీలు వద్దని పట్టుబట్టింది పీటర్ బ్రూక్సే. దుమ్ము పట్టి, పావురాలు కూర్చుని పాడయ్యే వాటికి డబ్బెందుకన్నది అతని లెక్క. తర్వాతి తరం విమర్శకులు ఆ నున్నని గోడల్లో ఆధునికతను చూసి మురిసిపోయారు.

షికాగో నేల మెత్తని బంకమట్టి. బరువు పెడితే కుంగుతుంది. 1882లో మొదలైన మాంటాక్ భవనం కింద జాన్ రూట్ రైలు పట్టాలను అడ్డంగా, నిలువుగా పేర్చి కాంక్రీటులో పాతి, మట్టి మీద తెప్పలా పరిచాడు. తర్వాత పదేళ్లకు గట్టి నేల తగిలేదాకా గుంటలు తవ్వి కాంక్రీటు నింపే పద్ధతి వచ్చింది.

ఎత్తైన భవనానికి తగిన రూపం ఎలా ఉండాలన్న ప్రశ్నకు లూయీ సలివన్ సెయింట్ లూయిస్‌లో వెయిన్‌రైట్ భవనంతో (1891), బఫలోలో గ్యారంటీ భవనంతో (1896) జవాబిచ్చాడు. అడుగున దుకాణాలు, మధ్యలో ఒకేలాంటి అంతస్తులు, పైన ముగింపు. మధ్య అంతస్తులన్నీ ఒకేలా ఉండటానికి కారణం తేలికే: అక్కడ జరిగే పని ఒకేలా ఉంటుంది.

కిటికీ నుంచి బల్ల దాకా

విద్యుద్దీపం 1880లలోనే వచ్చినా, రోజంతా దాని కింద లెక్కల పుస్తకం రాయగలిగినంత వెలుగు దానికి లేదు. అందుకని ఆఫీసు గది లోతు సూర్యుడి చేతిలో ఉండేది. బయటి గోడ నుంచి సుమారు 20 నుంచి 28 అడుగుల లోపే మంచి అద్దె పలికే చోటు. దాని వెనక ఉన్న జాగా కట్టడానికి డబ్బు ఖర్చే గాని తిరిగి రాబడి లేదు. వెలుతురు ఇంకాస్త లోపలికి రావాలని పైకప్పును 10, 12 అడుగుల ఎత్తున పెట్టేవారు. గదుల మధ్య గోడలకు పాలగాజు బిగించి, కిటికీ పక్క యజమాని గదిలో మిగిలిన వెలుగును లోపల కూర్చున్న టైపిస్టుకు అందించేవారు.

పెద్ద స్థలంలో భవనం నడుమ గొయ్యిలా ఖాళీ వదిలి, వెలుతురు బావి చేసేవారు. షికాగోలోని రూకరీ (1888) ఇందుకు పేరుపొందింది. పై నుంచి చూస్తే ఆ కాలపు భవనాలు చాలావరకు చదరపు చట్రాల్లానో, ఒకవైపు తెరిచిన పెట్టెల్లానో కనబడతాయి. నడుమ పెద్ద అద్దం, అటూ ఇటూ తెరుచుకునే సన్నని తలుపులు గల వెడల్పాటి కిటికీకి షికాగో కిటికీ అనే పేరే స్థిరపడింది. 1895లో పూర్తయిన రిలయన్స్ భవనం గోడల్లో గాజే ఎక్కువ.

ఈ గదుల్లో చేరింది ఎవరు? మొదట్లో చిన్న అద్దెదార్లు: వకీళ్లు, డాక్టర్లు, దళారీలు, బీమా ఏజెంట్లు. టైపురైటరు, టెలిఫోను, నిలువు ఫైళ్ల బీరువా వచ్చాక పెద్ద కంపెనీలు వందలాది గుమాస్తాలను ఒకే చోట కూర్చోబెట్టాయి. 1930 నాటికి అమెరికా గుమాస్తాల్లో దాదాపు సగం మంది స్త్రీలే. ఫ్యాక్టరీకి వెళ్లలేని, ఇంటి పనికి కుదరడం ఇష్టంలేని చదువుకున్న అమ్మాయిలకు డౌన్‌టౌన్ ఒక కొత్త దారి తెరిచింది. జీతాలు మాత్రం మగవాళ్లకన్నా తక్కువే.

నీడ మీద తగువు

షికాగో 1893లోనే ఎత్తుకు 130 అడుగుల హద్దు పెట్టింది. వీధుల్లోకి గాలీ వెలుతురూ రావన్న ఆందోళన ఒకటి, అగ్ని భయం ఇంకొకటి. అప్పటికే భవనాలున్న యజమానులు కొత్త పోటీ ఆగిపోతుందని లోలోపల సంతోషించారు. తర్వాతి మూడు దశాబ్దాల్లో ఆ హద్దు పెరుగుతూ తగ్గుతూ వచ్చి, 1923 చట్టంతో టవర్లకు దారి వదిలింది.

న్యూయార్క్‌లో అలాంటి అడ్డే లేదు. 1899లో పార్క్ రో భవనం 391 అడుగులు, 1908లో సింగర్ 612, 1909లో మెట్రొపాలిటన్ లైఫ్ 700, 1913లో వూల్‌వర్త్ 792. అయిదు సెంట్లకూ పది సెంట్లకూ సరుకులమ్మే దుకాణాలతో కోటీశ్వరుడైన ఫ్రాంక్ వూల్‌వర్త్ తన భవనానికి 1 కోటి 35 లక్షల డాలర్లు రొక్కంగా చెల్లించాడు. కుట్టు మిషన్లు, బీమా పాలసీలు, చిల్లర సరుకులు అమ్మేవాళ్లకు ఎత్తైన గోపురమంటే దేశం నలుమూలలా తెలిసిన ప్రకటన బోర్డు. కీర్తికి కూడా ఒక ధర ఉందని, అది లెక్కల్లో రాసుకోదగ్గదేనని వాళ్లకు తెలుసు.

చట్టం రావడానికి దారితీసిన భవనం మాత్రం వీటిలో ఏదీ కాదు. 1870 నాటి ఈక్విటబుల్ భవనం 1912 జనవరిలో కాలిపోయింది. ఆ స్థలంలో 1915లో కొత్త ఈక్విటబుల్ లేచింది. ఎకరం కన్నా కాస్త తక్కువ స్థలంలో, వీధి అంచు నుంచి ఎక్కడా వెనక్కి తగ్గకుండా, నిట్టనిలువుగా 38 అంతస్తులు. మొత్తం 12 లక్షల చదరపు అడుగులు, అంటే స్థలానికి దాదాపు 30 రెట్లు. దాని నీడ ఏడెకరాల మేర పడుతుందని ఇరుగుపొరుగు యజమానులు గగ్గోలు పెట్టారు. నీడలో పడ్డ గదులకు అద్దె తగ్గుతుంది. అద్దె తగ్గితే ఆస్తి విలువ తగ్గుతుంది. ఆ మేరకు నగరానికి పన్నూ తగ్గుతుంది. 1916లో న్యూయార్క్ తెచ్చిన జోనింగ్ చట్టానికి ఇది ఒక్కటే కారణం కాదు. ఫిఫ్త్ అవెన్యూ వ్యాపారులకు బట్టల ఫ్యాక్టరీలు తమ వైపు రాకూడదన్న పట్టుదల ఉండేది. కానీ జనానికి గుర్తున్నది ఆ భవనమే.

ఆ చట్టం ఎత్తును నిషేధించలేదు. వీధి వెడల్పును బట్టి కొంత ఎత్తు దాకా నేరుగా లేవవచ్చు, ఆ పైన మెట్లు మెట్లుగా వెనక్కి జరగాలి. స్థలంలో నాలుగో వంతు మీద మాత్రం ఎంత ఎత్తైనా కట్టుకోవచ్చు. 1920లలో న్యూయార్క్ భవనాలకు వచ్చిన మెట్ల ఆకారం ఇలా చట్టం గీసిన గీత. హ్యూ ఫెరిస్ 1922లో బొగ్గుతో గీసిన చిత్రాలు ఆ గీతకు అందం తెచ్చిపెట్టాయి. తర్వాత శిల్పులు దాన్ని శైలిగా స్వీకరించి, చట్టం లేని ఊళ్లలోనూ అలాగే కట్టారు.

వాషింగ్టన్ నగరం వేరే దారి పట్టింది. అక్కడ 1894లో 164 అడుగుల కెయిరో అపార్ట్‌మెంట్ భవనం లేచాక గొడవై, 1899లోనూ 1910లోనూ కాంగ్రెస్ చట్టాలు చేసింది. ఈనాటికీ అక్కడ ఆకాశహర్మ్యం లేదు. ఫిలడెల్ఫియాలో చట్టం లేదు, పెద్దమనుషుల ఒప్పందం ఉండేది: సిటీ హాలు శిఖరాన ఉన్న విలియం పెన్ విగ్రహం టోపీని మించి ఎవరూ కట్టకూడదు. 1987లో వన్ లిబర్టీ ప్లేస్ 945 అడుగులకు లేచి ఆ ఒప్పందాన్ని కాస్తా కాలదోసింది. ఆ తర్వాత ఊరి క్రీడా జట్లు ఏళ్ల తరబడి కప్పు గెలవకపోతే జనం అది పెన్ శాపమేనన్నారు. 2007లో అంతకన్నా ఎత్తైన కామ్‌కాస్ట్ భవనం కొనన ఒక బుల్లి పెన్ విగ్రహం పెట్టారు. మరుసటి ఏడాది బేస్‌బాల్ జట్టు జాతీయ విజేత అయింది. పట్టింపులు మనకే ఉన్నాయనుకోనక్కర్లేదు.

అప్పు చేసి ఆకాశం దాకా

1920ల చివర మాన్‌హట్టన్‌లో స్థలం రేటు ఎంత పెరిగిందంటే, తక్కువ అంతస్తులు కడితే నష్టమే. డబ్ల్యూ.సి. క్లార్క్, జె.ఎల్. కింగ్‌స్టన్ అనే ఇద్దరు 1930లో ప్రచురించిన అధ్యయనంలో గ్రాండ్ సెంట్రల్ దగ్గర ఒక స్థలాన్ని ఉదాహరణగా తీసుకుని, 63 అంతస్తుల దగ్గర గరిష్ఠ లాభం వస్తుందని తేల్చారు. ఆ పైన కట్టే ప్రతి అంతస్తుకూ లిఫ్టులు, ఉక్కు, గాలి తాకిడికి తగిన బలం పెరిగి రాబడిని మింగేస్తాయి. అధ్యయనాన్ని ప్రచురించింది ఉక్కు నిర్మాణ సంస్థల సంఘమే కాబట్టి 63 అన్న అంకెను కాస్త జాగ్రత్తగా చూడాలి. దాని వెనక ఉన్న సూత్రం మాత్రం నిజం: ఎత్తుకు ఇంజనీరు పెట్టే హద్దు కన్నా అద్దె పెట్టే హద్దే ముందు వస్తుంది.

క్రైస్లర్ భవనమూ 40 వాల్ స్ట్రీట్ భవనమూ ఆ హద్దును దాటి పందెం వేసుకున్నాయి. 185 అడుగుల ఉక్కు శిఖరాన్ని క్రైస్లర్ లోపలే గుట్టుగా బిగించి, 1929 అక్టోబరు 23న ఒక్కసారిగా పైకి లేపారు. భవనం 1,046 అడుగులైంది. మర్నాడే స్టాక్ మార్కెట్ కూలడం మొదలైంది.

ఎంపైర్ స్టేట్ భవనం కథ అంతకన్నా విచిత్రం. మార్కెట్ పడిపోయాక కూడా పని ఆపలేదు. ఎందుకంటే స్థలంలోని పాత వాల్‌డార్ఫ్-ఆస్టోరియా హోటల్‌ను పడగొట్టడం అప్పటికే మొదలైంది, మెట్రొపాలిటన్ లైఫ్ నుంచి 2 కోట్ల 75 లక్షల డాలర్ల అప్పు ఖాయమైంది. ఆపితే వడ్డీ తప్ప మిగిలేది లేదు. 1930 మార్చి 17న నిర్మాణం మొదలైంది. 1931 మే 1న తలుపులు తెరిచారు. 102 అంతస్తులు, 1,250 అడుగులు, 14 నెలల లోపే. ఉక్కు చట్రం వారానికి సగటున నాలుగున్నర అంతస్తులు లేచింది. మే 1 అన్న తేదీకి అర్థముంది: న్యూయార్క్‌లో ఆఫీసు అద్దె ఒప్పందాలు ఆనవాయితీగా ఆ రోజు మొదలయ్యేవి. ఒక్క నెల ఆలస్యమైతే ఏడాది అద్దె పోయినట్టే. తీరా తెరిచేసరికి అద్దెదార్లే లేరు. పేరులో ‘ఎంపైర్’ను ‘ఎంప్టీ’గా మార్చి ఊరు ఊరంతా దాన్ని ఖాళీ భవనమని వెక్కిరించింది. మొదటి ఏడాది పైకెక్కి ఊరు చూడటానికి వచ్చినవాళ్ల టిక్కెట్ల డబ్బు అద్దెల రాబడికి ఇంచుమించు సమానం. లాభం మొహం చూడటానికి 1950 దాకా పట్టింది.

ఈ ఉక్కు దూలాల మీద నడిచి పనిచేసినవాళ్లలో మాంట్రియల్ దగ్గరి కానవాకే నుంచి వచ్చిన మోహాక్ తెగ వాళ్లు ముఖ్యులు. 1907లో క్యూబెక్ వంతెన కూలినప్పుడు ఆ ఒక్క ఊరివాళ్లే 33 మంది చనిపోయారు. అయినా పని మానలేదు; 1920లలో బ్రూక్లిన్‌లో వాళ్లకొక పేటే ఏర్పడింది.

1930ల మధ్య నుంచి రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ప్రైవేటు ఆఫీసు భవనాల నిర్మాణం దాదాపు ఆగిపోయింది. రాక్‌ఫెలర్ సెంటర్ లాంటి ఒకటి రెండు మినహాయింపులు. షికాగో డౌన్‌టౌన్‌లో 1934లో ఫీల్డ్ భవనం తర్వాత మరో ఎత్తైన భవనం కోసం 1955లో ప్రుడెన్షియల్ వచ్చేదాకా ఆగారు.

గాజు పెట్టె

ఆ విరామంలో రెండు యంత్రాలు రంగం మీదికొచ్చాయి. 1928లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో కట్టిన మిలమ్ భవనం మొత్తంగా ఏసీ పెట్టిన తొలి ఎత్తైన ఆఫీసు భవనం. 1938లో ట్యూబులైటు మార్కెట్‌లోకి వచ్చింది. వేడి తక్కువ, వెలుగు ఎక్కువ. ఈ రెండూ కలవగానే కిటికీ పెత్తనం ముగిసింది. గది లోతు 40, 50 అడుగులకు పెరిగింది, పైకప్పు కిందికి దిగింది, వెలుతురు బావులు మాయమయ్యాయి. వెనకటి రోజుల్లో గాలి కోసం తెరిచే కిటికీని మూసి బిగించేశారు. చరిత్ర పుస్తకాలు గాజు గోడల గురించి ఎంత రాసినా, లోపల పనిచేసేవాడి జీవితాన్ని ఎక్కువ మార్చింది ఈ లోతే. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆకాశం కనబడని బల్లలు అప్పటినుంచే మొదలయ్యాయి.

బయట మాత్రం గాజే గాజు. పోర్ట్‌లాండ్‌లో పియెత్రో బెలూస్కీ రూపొందించిన ఈక్విటబుల్ భవనం (1948) అల్యూమినియం, గాజు పొరతో ముందు వచ్చింది. 1952లో న్యూయార్క్‌లో సబ్బుల కంపెనీ కట్టిన లీవర్ హౌస్ దాన్ని ఫ్యాషన్ చేసింది. కిటికీలు తెరవడానికి లేదు కాబట్టి అద్దాలు తుడిచేవాళ్లకోసం కప్పు మీంచి ఉయ్యాల దించే ఏర్పాటు చేశారు. మీస్ వాన్ డెర్ రోహె 1958లో పూర్తిచేసిన సీగ్రమ్ భవనం 38 అంతస్తుల కంచు, గాజు పెట్టె. పార్క్ అవెన్యూ నుంచి బాగా వెనక్కి జరిగి, ముందు విశాలమైన చప్టా వదిలింది. ఖర్చుకు వెనకాడకుండా కట్టినందుకు నగరం దానికి బహుమతి ఇవ్వలేదు. వచ్చే అద్దెల లెక్కన కాక, కట్టడానికి అయిన ఖర్చును చూసి పన్ను వేసింది. కోర్టు కూడా నగరం వైపే తీర్పిచ్చింది.

అదే నగరం 1961 చట్టంలో సీగ్రమ్ లాంటి ఖాళీ చప్టాలు వదిలినవాళ్లకు అదనపు అంతస్తులు ఇచ్చింది. ఇక చూసుకోవాలి: ఎక్కడ చూసినా చప్టాలే. చాలావాటిలో కూర్చునే బల్ల ఉండదు, చెట్టు ఉండదు, ఎండా గాలీ తప్ప. విలియం హెచ్. వైట్ అనే పరిశీలకుడు వీటి మీద కెమెరా పెట్టి, జనం ఎక్కడ కూర్చుంటారో, ఎందుకు కూర్చోరో ఏళ్ల తరబడి చూశాడు. చివరికి 1975లో కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేశారు.

ఎత్తు ఖరీదును తగ్గించినవాడు ఢాకాలో పుట్టి, కలకత్తా దగ్గర శిబ్‌పూర్‌లో చదివి, షికాగోలో స్థిరపడ్డ ఇంజనీరు ఫజ్లుర్ రెహమాన్ ఖాన్ (1929-1982). అంతస్తుల్లోపల స్తంభాలు నింపే బదులు బయటి గోడనే గట్టి గొట్టంలా చేసి గాలి తాకిడిని మోయించాడు. ఎంపైర్ స్టేట్‌కు చదరపు అడుగుకు దాదాపు 42 పౌండ్ల ఉక్కు పట్టగా, 100 అంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటర్‌కు 30 పౌండ్లలోపే సరిపోయింది. 1974లో పూర్తయిన సియర్స్ టవర్ తొమ్మిది గొట్టాల కట్ట. 110 అంతస్తులు, 1,450 అడుగులు. న్యూయార్క్‌లో మినోరు యమసాకి రూపొందించిన ప్రపంచ వాణిజ్య కేంద్రం జంట టవర్లలోనూ బయటి గోడే గాలి తాకిడిని మోసింది. అక్కడ అంతస్తుకు ఎకరం జాగా. లిఫ్టులకు ఎక్కువ చోటు పోకుండా, సిటీ రైళ్లలాగా 44, 78 అంతస్తుల్లో మారి ఎక్కే పద్ధతి పెట్టారు. వాటిని కట్టింది ప్రైవేటు వ్యాపారి కాదు, పోర్ట్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ. మార్కెట్ అడగని జాగాను అంత పెద్ద ఎత్తున కట్టగలిగిందీ అందుకే.

ఊరికొక బ్యాంకు

1950 నుంచి 1990 దాకా పిట్స్‌బర్గ్, క్లీవ్‌లాండ్, అట్లాంటా, హూస్టన్, సియాటిల్, మినియాపొలిస్ లాంటి ఊళ్లలో ఆకాశరేఖను గీసినవి చాలావరకు బ్యాంకులు. దీని వెనక ఒక పాత చట్టముంది. అమెరికాలో బ్యాంకులు రాష్ట్రం హద్దు దాటి శాఖలు తెరవడానికి అప్పట్లో వీలుండేది కాదు. అందువల్ల ప్రతి పెద్ద ఊరికీ సొంత బ్యాంకులు, ప్రతి బ్యాంకుకూ సొంత ప్రధాన కార్యాలయం, పోటీగా సొంత టవరు. 1994లో రీగల్-నీల్ చట్టం ఆ కట్టడి తీసేసింది. బ్యాంకులు ఒకదాన్నొకటి మింగాయి. నార్త్ కరొలైనాలోని షార్లట్ మాత్రం మింగినవాళ్ల ఊరు కాబట్టి 1992లో కట్టిన 871 అడుగుల భవనం చుట్టూ కొత్త డౌన్‌టౌనే లేచింది. అట్లాంటాలో అదే ఏడాది వచ్చిన 1,023 అడుగుల బ్యాంకు టవరు 2012లో అప్పు కట్టలేక వేలానికి వెళ్లింది. ఒక చట్టం సంతకంతో పదుల ఊళ్ల నడిబొడ్డు తలరాత మారిపోయిందని ఆర్థిక పేజీల్లో తప్ప పెద్దగా ఎవరూ రాయలేదు.

ఈ టవర్లకు స్థలం ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 1949 గృహ నిర్మాణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వ డబ్బుతో నగరాలు పాత పేటలను కొని, నేలమట్టం చేసి, బిల్డర్లకు అప్పగించాయి. లాస్ ఏంజెలెస్‌లో బంకర్ హిల్ గుట్ట మీద పాత చెక్క ఇళ్లలో వేలాదిమంది పేదలు, ముసలివాళ్లు అద్దెకుండేవారు. వాళ్లందరినీ ఖాళీ చేయించారు. ఆ ఊళ్లో 1950ల మధ్య దాకా 150 అడుగుల హద్దు ఉండేది. సిటీ హాలుకు మాత్రం మినహాయింపు. హద్దు ఎత్తేశాక ఖాళీ గుట్ట మీద టవర్లు వచ్చాయి.

1981 పన్ను చట్టం భవనాల అరుగుదలను 15 ఏళ్లలోనే లెక్క రాసుకోనిచ్చింది. అద్దెదారు దొరికినా దొరక్కపోయినా భవనం కడితే పన్ను మిగులుతుంది. చమురు డబ్బుతో ఉబ్బిన హూస్టన్‌లో కుప్పలు తెప్పలుగా కట్టేశారు. 75 అంతస్తుల టెక్సస్ కామర్స్ టవర్ 1982లో పూర్తయింది. కొన్నాళ్లకే చమురు ధర పడిపోయింది. లోపల మనుషులు, గోడలు లేక ఇటునుంచి అటు ఆకాశం కనబడే భవనాలు ఊరి నిండా మిగిలాయి. 1986లో పన్ను చట్టాన్ని తిరగరాశారు.

ఊరి బయటికి

హైవేలు పడ్డాక పెద్ద కంపెనీలు నగరం వదిలి చెట్ల నడుమ క్యాంపస్‌లు కట్టుకున్నాయి. కనెటికట్ జనరల్ బీమా సంస్థ 1957లోనే బ్లూమ్‌ఫీల్డ్ పొలాల్లోకి వెళ్లింది. ప్రపంచంలో అతి ఎత్తైన భవనం కట్టుకున్న సియర్స్ సంస్థ 1990ల మొదట్లో దాన్ని వదిలి హాఫ్‌మన్ ఎస్టేట్స్ శివారుకు చేరింది. ఆ టవరు పేరు 2009లో విల్లిస్ అయింది. అమెరికా వెళ్లిన తెలుగు సాఫ్ట్‌వేరు ఉద్యోగుల్లో ఎక్కువమందికి తెలిసినది ఈ శివారు అమెరికానే: డాలస్ పక్కన ఇర్వింగ్, ప్లేనో, న్యూజెర్సీలో ఎడిసన్, కాలిఫోర్నియాలో శాంటా క్లారా. డౌన్‌టౌన్ వాళ్లకు చుట్టాలొచ్చినప్పుడు చూపించే ఊరు.

2001 సెప్టెంబరు 11 దాడుల్లో జంట టవర్లు కూలి న్యూయార్క్‌లో 2,753 మంది చనిపోయారు. ఇక ఎవరూ ఎత్తైన భవనాలు కట్టరని చాలామంది రాశారు. అలా జరగలేదు. మెట్ల దారులు వెడల్పయ్యాయి, నడిమి గోడలు కాంక్రీటుతో బలపడ్డాయి. 2014లో 1,776 అడుగుల కొత్త టవరు అదే చోట తెరుచుకుంది.

టవర్లను దెబ్బతీసింది 2020లో వచ్చిన కోవిడ్. ఇంటి నుంచి పని అలవాటై ఎంతోమంది వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు రాసాగారు. 2024 నాటికి దేశంలో ఆఫీసు జాగాలో దాదాపు అయిదో వంతు ఖాళీ. సెయింట్ లూయిస్‌లో టెలిఫోన్ కంపెనీ కోసం 1980లలో కట్టిన 44 అంతస్తుల భవనం 2006లో 20 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2024లో 36 లక్షలకు. అదే సమయంలో న్యూయార్క్‌లో ఒక బ్యాంకు 707 అడుగుల యూనియన్ కార్బైడ్ భవనాన్ని పడగొట్టి, పక్క భవనాల మీద మిగిలిన నిర్మాణ హక్కులు కొని, 2025లో 1,388 అడుగుల కొత్త ప్రధాన కార్యాలయం తెరిచింది. యజమాని తనంత తానుగా పడగొట్టిన భవనాల్లో అతి ఎత్తైనదిగా 1968 నుంచి సింగర్‌కు ఉన్న రికార్డు అలా చెరిగింది. మంచివాటికి గిరాకీ, తక్కినవాటికి కష్టకాలం. సగటు అంకె ఈ తేడాను కప్పేస్తుంది.

ఖాళీ ఆఫీసులను ఇళ్లుగా మార్చడం ఇప్పుడు చాలా నగరాల విధానం. ఇందులో 1920ల భవనాలు నెగ్గుతున్నాయి. గది లోతు తక్కువ, కిటికీలు తెరుచుకుంటాయి, పడగ్గదికి వెలుతురు వస్తుంది. ట్యూబులైటు కాలపు భవనాల్లో నడిమి భాగానికి కిటికీ పెట్టే దారే లేదు. మాన్‌హట్టన్ దక్షిణ కొసన 25 వాటర్ స్ట్రీట్ భవనాన్ని 1969లో ఒక బ్యాంకు తన కంప్యూటర్ల కోసం సన్నని కిటికీలతో కోటలా కట్టించింది. దాని నడుమ పైనుంచి కింది దాకా రెండు బావులు కోసి, అలా పోయిన జాగాకు బదులుగా పైన 10 అంతస్తులు వేసి, సుమారు 1,300 ఇళ్లు చేశారు. ఇంత పని గిట్టుబాటు కావడానికి అక్కడి ఇంటి అద్దెలు, పన్ను రాయితీలు కారణం. సెయింట్ లూయిస్, క్లీవ్‌లాండ్ లాంటి చోట్ల చారిత్రక భవనాలకిచ్చే రాయితీలుంటే తప్ప లెక్క కుదరదు. ఇక 1970, 80ల టవర్లు చాలావరకు చారిత్రకమని గుర్తింపు పొందేంత పాతవీ కావు, ఇళ్లుగా మార్చుకోదగ్గంత సన్ననివీ కావు. వాటి విలువ పడిపోయేకొద్దీ, బడులకూ రోడ్లకూ ఆస్తి పన్ను మీదే ఆధారపడ్డ నగరాలు ఆ లోటును ఇళ్ల యజమానుల మీద వేయడమా, ఖర్చు తగ్గించుకోవడమా అని తర్జనభర్జన పడుతున్నాయి.